కుక్కకు, పిల్లికి ఊపిరాడనప్పుడు



కొల్లేటి ప్రాంతములో కాపలాకుక్క లేని చెరువుగట్టు అరుదు. ఏలూరు, తాడేపల్లిగూడెము వంటి పట్టణములలో మేడమీది ఇండ్లలో సైతము పొమేరియను కుక్కయో, చదునుముక్కు పగ్గు కుక్కయో నేడు కనబడుచున్నది. పిల్లి సంగతి చెప్పనక్కరలేదు. చేపలు కడుగు పెరడు ఉన్నచోటికి అది తనంతట తానే వచ్చి చేరును. ఇన్నింటిని సాకుచున్నాము గాని, వానిలో ఒకదానికి అర్ధరాత్రివేళ ఊపిరి ఆడకపోయినచో ఏమి చేయవలెనో, అంతకంటె ముఖ్యముగా ఏమి చేయరాదో తెలిసిన ఇండ్లు కొద్ది. ఈ లంకలలోను, ఊళ్ళలోను పశువైద్యునిగా చాల కాలము తిరిగినవాడను గనుక నాకు అనుభవమునకు వచ్చిన సంగతులు కొన్ని మనవి చేయుదును.

ఒక వానకాలపు సాయంత్రము కైకలూరు వైపు పల్లెనుండి ఒక చెరువు కాపలాదారు తన కుక్కను గోనెసంచిలో చుట్టి మోటారుసైకిలుపై తెచ్చినాడు. కుక్క దవడ వ్రేలాడుచున్నది. చొంగ తీగలవలె కారుచున్నది. "డాక్టరుగారండీ, నిన్న కోడి బొమికలు వేశామండి. ఒకటి గొంతుకి అడ్డం పడ్డట్టుందండి. చెయ్యి పెట్టి వెతికానండి, ఏమీ తగల్లేదండి" అనినాడు. అతని కుడిచేతి వ్రేళ్ళమీద వల లాగినప్పుడు కోసుకొనిన గాయములు పచ్చిగా ఉన్నవి. నేను కుక్క నోరు చూడలేదు. ముందు అతని చేతిని చూచినాను. "దీనికి టీకా వేయించారా?" అని అడిగితిని. "టీకాలేంటండీ, ఇది గట్టుమీద కుక్కండి" అనినాడు.

ఆ కుక్క గొంతులో బొమిక లేదు. దానికి పట్టినది రేబిస్, అనగా పిచ్చికుక్క జబ్బు. పిచ్చికుక్క అనగానే కంటబడినవారినెల్ల కరచుచు పరుగెత్తునదే అని మనవారి తలంపు. ఈ జబ్బులో మూగరూపము వేరొకటి కలదు. అందు కుక్క సాధారణముగా ఎవరిమీదికి కరవరాదు. దవడ కండరములు, మ్రింగు కండరములు చచ్చుబడి నోరు తెరచుకొని ఉండును. నీరు త్రాగబోయి త్రాగలేదు. అరపు మారి బొంగురు పోవును. చూచువారికి గొంతులో ఏదో అడ్డము పడినట్లే తోచును. ప్రేమకొలది యజమాని చేయి పెట్టును; చొంగలోని విషక్రిమి అతని చేతి గాయముద్వారా లోనికి పోవును. ఆ కాపలాదారునిచేత అప్పటికప్పుడు పంపు క్రింద సబ్బుతో పావుగంటసేపు చేయి కడిగించి, ఆ రాత్రియే పెద్దాసుపత్రికి పంపితిని. అచ్చట గాయములో సీరము ఎక్కించి, టీకాలు మొదలుపెట్టినారు. కుక్క మూడవనాడు చచ్చినది. పరీక్షలో రేబిస్ అనియే తేలినది. అతడు మాత్రము నేటికీ చెరువు కాచుకొనుచునే ఉన్నాడు.

ఈ రెండింటికి భేదము గుర్తించుట కొంతవరకు సాధ్యమే. నిజముగా బొమిక గాని, చేపముల్లు గాని అడ్డపడిన కుక్కకు బాధ హఠాత్తుగా, తిండివేళనే మొదలగును. అది ముంగాళ్ళతో మూతిని గీరుకొనును, తల విదిలించును, కక్కబోవును. రేబిస్‌లో దవడ జారుట ఒకటి రెండు దినములలో క్రమముగా వచ్చును. అంతకుముందే కుక్క చీకటి మూలలకు పోవుట, పిలిచిన పలుకకపోవుట, నడక తూలుట వంటి మార్పులు ఉండును. కాని ఈ గుర్తులను నమ్మి పందెము వేయరాదు. టీకాలు సక్రమముగా పడిన కుక్క అని చీటీ చూపగలిగిననే తప్ప, నోరు మూయలేని కుక్క నోటిలో ఎవరును చేయి పెట్టరాదు. ఈ రాత్రి మీరు నా మాటలలో ఒక్కటే గుర్తుంచుకొనువారైనచో అది ఇదియే కావలెను.

రేబిస్ లక్షణములు పైకి వచ్చిన పిమ్మట మనిషికి గాని, కుక్కకు గాని మందు లేదనియే చెప్పవచ్చును. రాకముందు మాత్రము టీకా కలదు. ఫ్రాన్సు దేశములో లూయీ పాశ్చరు 1885 జూలై 6వ తేదీన జోసెఫ్ మైస్టర్ అను బాలునికి ఆ టీకాను మొదట వేసినాడు. మనదేశములో కసౌలీలో డేవిడ్ సెంపుల్ 1911లో తయారుచేసిన మందు చాలకాలము వాడుకలో ఉండెను. బొడ్డుచుట్టు పొడుచు సూదులని పెద్దలు భయపెట్టునది అదియే. అది మన దేశములో 2005 నాటికి నిలిచిపోయినది. ఇప్పుడు ప్రభుత్వ ఆసుపత్రులలో చేతి చర్మములో సన్నని సూదితో మొదటిరోజున, తరువాత 3వ, 7వ, 28వ రోజులలో వేయుచున్నారు. బొడ్డు సూదుల భయముతో వెనుకాడువారు ఇప్పటికిని నాకు కనబడుచునే ఉన్నారు గనుక ఈ మాట చెప్పవలసి వచ్చినది.

ఇక ఊపిరి సంగతికి వత్తము. ఇంటిలోని జంతువునకు ఊపిరి సరిగా ఆడుచున్నదా లేదా అని తెలిసికొనుటకు పరికరములు అక్కరలేదు. అది నిద్రించుచుండగా గడియారము చూచుచు, ప్రక్క లేచి పడుటను అర నిమిషము లెక్కించి రెట్టింపు చేయుడు. కుక్కకైనను, పిల్లికైనను నిద్రలో నిమిషమునకు 30 లోపుగా ఉండవలెను. ఆరోగ్యముగా ఉన్నప్పుడే రెండు మూడు సార్లు లెక్కించి వ్రాసి ఉంచుకొనినచో, జబ్బుపడిననాడు పోల్చుకొనుటకు వీలగును. తరువాత చిగుళ్ళు చూడుడు. గులాబిరంగు ఉన్నచో మంచిది. నీలిగా, బూడిదగా, తెల్లకాగితమువలె, లేక మట్టిరంగుగా మారినచో ప్రమాదము. నల్లచిగుళ్ళ కుక్క అయినచో నాలుకను గాని, క్రిందిరెప్ప లోపలి భాగమును గాని చూడవలెను. మోచేతులు ఎడముగా పెట్టి, మెడ చాపి, పండుకొనుటకు ఒప్పుకొనక నిలబడియే ఎగయూపిరి తీయు కుక్క తన ప్రాణముతో పెనగులాడుచున్నదని అర్థము.

పిల్లి విషయములో మరింత మెలకువ కావలెను. కుక్క ఎండకు, ఆటకు నాలుక చాపి వగర్చుట సహజము. పిల్లి నోరు తెరచి ఊపిరి తీయుట సాధారణముగా సహజము కాదు. పిల్లి తన బాధను దాచుకొను జీవి. నోరు తెరచినదనగా దాచుకొను శక్తి అయిపోయినదన్నమాట. అట్టి పిల్లిని తెల్లవారనిమ్మని చూచుట తగదు. అటులనే దానిని బలవంతముగా ఒడిసిపట్టి, నోరు తెరచి చూచుటయు తగదు. ఆ పెనగులాటలోనే ప్రాణము పోవచ్చును. గాలి ఆడు బుట్టలో మెల్లగా పెట్టి, పైన పలుచని గుడ్డ కప్పి, చప్పుడు లేకుండ వైద్యుని చెంతకు చేర్చుటయే దానికి చేయదగిన ప్రథమచికిత్స.

మన ప్రాంతములో నేను చూచిన మరణములలో కొన్ని జబ్బువలన గాక మందువలన సంభవించినవి. పశువులకు వెదురుగొట్టముతో మందు పట్టించు అలవాటు మన పల్లెలలో తరతరాలుగా ఉన్నది. కుక్క దగ్గినను, వణికినను, పడిపోయినను అదే పద్ధతిలో ఆముదమో, నేయియో, చింతపండు పులుసో, ఉప్పునీరో గొంతులో పోయుదురు. గొంతు వెనుక రెండు దారులు కలవు: ఒకటి అన్నమునకు, ఒకటి గాలికి. స్పృహలో ఉండి మ్రింగు జంతువునకు గాలిదారి ద్వారము దానంతట అది మూసికొనును. ఆయాసపడుచున్నదానికి, స్పృహ తప్పినదానికి ఆ ద్వారము సరిగా పనిచేయదు. పోసినదంతయు ఊపిరితిత్తులలోనికి పోవును. నూనె అయినచో మరీ అపాయము. అది దగ్గు కూడ పుట్టింపక మెత్తగా లోనికి జారును. మరునాటికి జ్వరము, మూడవనాటికి న్యూమోనియా. "పోసిన వెంటనే కాస్త నెమ్మదించిందండి" అని చెప్పుదురు. నెమ్మదించుట కాదది, నీరసించుట. ఉప్పునీటితో వాంతి చేయించుట మరియొక పాతపద్ధతి. ఆ ఉప్పే విషమై మెదడును దెబ్బతీయగలదు. కిరసనాయిలు వంటిది త్రాగిన జంతువుచేత వాంతి చేయించుట అసలే పనికిరాదు. తిరిగి పైకి వచ్చునప్పుడు అది ఊపిరితిత్తులలో పడును.

నిజముగా గొంతు అడ్డుపడినప్పుడు చేయదగినది వేరు. రేబిస్ అనుమానము లేని, టీకాలు పడిన మీ కుక్కయే అనుకొనుడు. అది దగ్గగలుగుచున్నచో దానిని దగ్గనిండు. దగ్గుకంటె బలమైన సాధనము మనచేతిలో లేదు. దగ్గు ఆగి, నాలుక నీలిరంగుకు తిరుగుచున్నచో, ఒకరు పట్టుకొనగా మరియొకరు నోరు తెరచి చూడవలెను. అడ్డు కంటికి కనబడినచో వ్రేలితో గాని, పట్టకారుతో గాని తీయవచ్చును. కనబడనిచో చీకటిలో వ్రేలు పోనిచ్చి తడుమరాదు. అది మరింత లోనికి పోవును. అప్పుడు చిన్నకుక్కను దాని వీపు మీ పొట్టకు ఆనునట్లు ఎత్తిపట్టి, చివరి ప్రక్కటెముకకు వెనుకగా పిడికిలి ఉంచి, లోనికి, పైకి ఒక్క ఊపున అయిదు మార్లు అదుమవలెను. పెద్దకుక్కను నిలబెట్టియే వెనుకనుండి అట్లు చేయవచ్చును. అది పైకి వచ్చినను వైద్యునికి చూపవలెను, గొంతు లోపల చీరుకొని ఉండవచ్చును.

కొల్లేటి వైపు వచ్చు చిక్కులలో గాలము ఒకటి. ఎర ఉన్న గాలమును కుక్కయో, పిల్లియో మ్రింగును. దారము నోటినుండి వ్రేలాడుచుండును. దానిని లాగరాదు, పొట్టిగా కత్తిరింపనూ రాదు. ఆ దారమే వైద్యునికి దారి చూపును. జెల్లచేప ముల్లు సైతము ఇట్టిదే. దాని రంపపు పండ్లు వెనుకకు తిరిగి ఉండును గనుక లాగిన కొలది చీల్చును.

నీట మునుగుట మరియొక పెద్ద సంగతి. తమ్మిలేరు, బుడమేరు వంటి ఏరులు తెచ్చిన నీరంతయు కొల్లేటిలో చేరి, ఉప్పుటేరుగుండా సముద్రమునకు పోవలెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోని పేటలకు పేటలు మునిగినవి. ఆ నీరును కొల్లేటి దారినే పట్టినది. కుక్క ఈదగలదు, నిజమే. కాని నిటారు గట్టున్న చెరువులో, సిమెంటు ప్రక్కలున్న కాలువలో అది ఈది ఈది ఎక్కలేక అలసి మునుగును. చెరువుగట్లమీద కుక్క ఎక్కి రాదగిన ఒక ఏటవాలు పలకనో, పాత తాటిదోనె ముక్కనో నీటిలోనికి దించి ఉంచినచో ఈ చావులలో కొన్ని తప్పును.

మునిగిన కుక్కను వెనుకకాళ్ళు పట్టి గిరగిర త్రిప్పుట మన కుర్రవాండ్ర పద్ధతి. నీరు కక్కును గదా అని వారి ఆలోచన. అటుల కారునది చాలమట్టుకు కడుపులోని నీరు, ఊపిరితిత్తులలోనిది కాదు. ఆ త్రిప్పుటలో విలువైన నిమిషములు పోవును. నోటిలోని నాచు, బురద తుడిచివేసి, తలను కొంచెము పల్లమునకు ఉంచి, ఊపిరి ఊదుట మొదలుపెట్టవలెను.

ఊపిరి ఊదుటయు, గుండె అదుముటయు మనుషులకువలెనే జంతువులకును కలవు. వీనిని గూర్చి పశువైద్య నిపుణులు "రికవర్" అను పేరిట లోకములోని పరిశోధనలన్నియు పరిశీలించి 2012లో నియమములు ప్రకటించిరి. 2024లో వానిని సవరించిరి. సామాన్యునికి కావలసినంత మట్టుకు చెప్పుదును. జంతువు పిలిచినను కదలక, ఊపిరి తీయకున్నచో, పది సెకండ్లకు మించి పరీక్షింపక, ప్రక్కకు పండుకొనబెట్టుడు. మెడను తిన్నగా చాపుడు. పెద్దకుక్క అయినచో రొమ్ము ప్రక్కన మిక్కిలి వెడల్పయిన చోట, డొక్క లోతుగా పలుచని రొమ్ము గలదైనచో మోచేయి వెనుక గుండెకు ఎదురుగా, రెండు అరచేతులు ఒకదానిపై ఒకటి ఉంచి అదుముడు. రొమ్ము వెడల్పులో మూడవవంతునుండి సగమువరకు అణగవలెను. మరల పూర్తిగా లేవనీయవలెను. వేగము నిమిషమునకు 100 మొదలు 120 మార్లు. పిల్లినైనను, చిన్నకుక్కనైనను ఒక చేతి బొటనవ్రేలికి, తక్కిన వ్రేళ్ళకు నడుమ రొమ్మును చిక్కించుకొని అదుమవచ్చును. 30 మార్లు అదిమిన పిమ్మట, దాని నోరు మూసిపట్టి, ముక్కుపై మీ నోరు ఆనించి, రొమ్ము లేచునంత మాత్రమే రెండు మార్లు ఊదుడు. మరల 30. రెండు నిమిషములకు ఒకసారి మనిషి మారవలెను, ఏలయనగా చేతులు అలసినచో అదుము లోతు తగ్గును. నీట మునిగినదానికి ఊదుటయే ముఖ్యము. దానికి కావలసినది గాలి గదా. రేబిస్ అనుమానమున్న చోట, విషము మ్రింగిన చోట మాత్రము నోటితో ఊదరాదు. రొమ్ము అదుముటతో సరిపెట్టుకొనవలెను.

ఈ పని చేసినచో బ్రతుకునా అని అడుగుదురు. గుండె ఆగిన జంతువులలో, పెద్ద ఆసుపత్రులలో సైతము, బ్రతికి ఇల్లు చేరునవి పదింటికి ఒకటికంటె తక్కువ. గుండె ఇంకను కొట్టుకొనుచు ఊపిరి మాత్రము ఆగిన వానికి, అనగా ఇప్పుడే నీటినుండి తీసిన దానికి, పాము కరచిన దానికి, ఆశ ఎక్కువ. అందుచేతనే నేర్చుకొనుడనుచున్నాను. మునిగి బ్రతికినదానిని లేచి తోక ఆడించినది గదా అని వదలివేయరాదు. ఒకటి రెండు దినములలోపల ఊపిరితిత్తులలో నీరు దిగి మరల ఆయాసము రావచ్చును.

పాముకాటు మాట వచ్చినది గనుక దానినీ ముగించెదను. వరిచేలు, చెరువుగట్లు, ఎలుకలు ఉన్నచోట పాములు ఉండక తప్పదు. రక్తపింజరి కాటు పడినచోట వాపు, నెత్తురు కారుట కనబడును. నాగుపాము, కట్లపాము విషము నరములకును కండరములకును నడుమనున్న సంబంధమును తెంచును: రెప్పలు వాలును, కాళ్ళు తడబడును, చివరకు ఊపిరి తీయు కండరములు ఆగును. కట్లపాము కాటు పెద్దగా నొప్పి గాని, వాపు గాని లేకుండ ఉండును. రాత్రి కరచిన సంగతి తెల్లవారి కుక్క లేవనప్పుడే తెలియుట కద్దు. త్రాడు బిగించి కట్టుట, బ్లేడుతో కోయుట, పసరు పోయుట ఇవన్నియు కాలమును, రక్తమును వృథా చేయుటయే. కుక్కను నడిపింపక మోసికొని పోవలెను. మనుషులకు ఇచ్చు విషవిరుగుడు సీరమునే కుక్కలకును ఇత్తురు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికి అది ఒకటే మందు. దారిలో ఊపిరి ఆగినచో పైన చెప్పినట్లు ఊదుచునే పోవలెను. నాగుపాము విషము కుక్క గుండెను ఆపలేదనియు, ఊపిరిని మాత్రమే ఆపినదనియు తలచి, వైద్యుని గుమ్మము దాక ఊదుట మానరాదు.

వేసవిలో ఏలూరి ఎండ సంగతి శ్రోతలకు నేను చెప్పనక్కరలేదు. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. పాదముల మెత్తలలో కొంచెము పట్టును, అంతే. నాలుక చాపి వగర్చుటయే దానికి చల్లబడు మార్గము. పగ్గువంటి చదునుముక్కు కుక్కకు ఆ మార్గమును ఇరుకే. మంచుదేశపు హస్కీ కుక్కను తెచ్చి గోదావరి జిల్లాలో మేడమీద కట్టివేయుట నా దృష్టిలో ముచ్చట కాదు, శిక్ష. వడదెబ్బ తగిలిన కుక్క ఆగక వగర్చును, చిగుళ్ళు ఎర్రబారును, తూలి పడును; ఒంటివేడి 105, 106 డిగ్రీల ఫారన్‌హీటు దాటును. మామూలుగా ఉండవలసినది 102 చుట్టుప్రక్కల. అట్టిదానిని ముందు చల్లార్చి పిమ్మట వైద్యునికడకు తీసికొనిపోవలెను గాని, వేడిగా ఉన్నదానిని ఆటోలో ఎక్కించి గంటసేపు త్రిప్పరాదు. నీడకు చేర్చి, ఒంటినిండ కుళాయినీరు ధారగా పోసి, పంకా క్రింద ఉంచుడు. తడిగుడ్డ కప్పి ఉంచుట మంచిదని నేనును ఒకప్పుడు చెప్పినవాడనే. ఆ గుడ్డ కొంతసేపటికి వేడెక్కి కంబళివలె పనిచేయునని తరువాత తెలిసినది. వేడి 103కు దిగగానే నీరు పోయుట ఆపవలెను. నీరు దగ్గర ఉంచవచ్చును, గొంతులో పోయరాదు.

పొలము మందుల సంగతి. పురుగుమందు చల్లిన చేలో తిరిగి వచ్చిన కుక్కకు చొంగ, కన్నీరు కారి, కంటిపాపలు సూదిమొనవలె చిన్నవై, ఒళ్ళు వణకి, రొమ్ములో గురగుర చప్పుడు వచ్చినచో అది విషము. దాని ఊపిరితిత్తులు దాని నీటితోనే నిండుచున్నవి. చేతులకు తొడుగులు వేసికొని సబ్బునీటితో ఒళ్ళు కడిగి, మందుసీసాను కూడ వెంట తీసికొని పరుగెత్తుడు. అట్రోపిన్ అను సూదిమందు సకాలములో పడినచో ప్రాణము నిలువగలదు. చాలమంది సీసా తెచ్చుటకు సిగ్గుపడుదురు, ఎవరో కావలెనని పెట్టిరని ఊరిలో తగవు వచ్చునని. ఆ తగవు తరువాత తీర్చుకొనవచ్చును.

తాడేపల్లిగూడెము ఉల్లిపాయల సంతకు పేరుపడిన ఊరు. ఆ ఊరి కుక్కలను దృష్టిలో ఉంచుకొని ఈ మాట: ఉల్లి, వెల్లుల్లి కుక్కకును పిల్లికిని విషము. పచ్చివైనను, పులుసులో ఉడికినవైనను ఒకటే. రక్తములోని ఎర్రకణములు పగులును. మూడు నాలుగు దినములకు చిగుళ్ళు పాలిపోయి, మూత్రము నల్లటీరంగుకు తిరిగి, ఆయాసము వచ్చును. ఊపిరితిత్తులు బాగుగనే ఉండును, గాలిని మోయు రక్తము ఉండదు. పిల్లికి ఒంటిబరువులో కిలోకు 5 గ్రాములు చాలును. చేపలపులుసు అన్నము పిల్లికి పెట్టు ఇల్లాండ్రు దీనిని గమనింపవలెను. పిడుదులు విపరీతముగా పట్టిన కుక్కలో సైతము రక్తము ఇట్లే తగ్గి ఆయాసము వచ్చును.

పారాసిటమాలు మాత్ర. పిల్లికి జ్వరమని ఒక్క 500 మిల్లీగ్రాముల బిళ్ళ వేయుట దానిని చంపుటయే. చిగుళ్ళు మట్టిరంగుకు తిరిగి, ముఖము, పాదములు వాచి, నోరు తెరచి ఊపిరి తీయును. విరుగుడు కలదు, అది అసిటైల్‌సిస్టీన్, మనుషుల మందుల దుకాణములలో సైతము దొరకును. కాని గంటలు గడచినకొలది దాని పని తగ్గును. మంచి ఉద్దేశముతో బిళ్ళ వేసితిమని దాచక చెప్పుడు.

2025 ఫిబ్రవరిలో పశ్చిమగోదావరి జిల్లా వేల్పూరు, తూర్పుగోదావరి జిల్లా కానూరు ప్రాంతముల కోళ్ళలో పక్షిజ్వరము బయటపడినది. ఆ రోజులలోనే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పెంపుడు పిల్లులకును ఆ జబ్బు సోకినట్లు తేలినది. పిల్లికి అది ఊపిరితిత్తులను, మెదడును పట్టు జబ్బు. వలసపక్షులు వచ్చు ఆటపాక, కొల్లేటి పల్లెలవారు చచ్చిన పక్షిని పిల్లి నోటికి అందనీయరాదు. పచ్చి కోడిపేగులు పెట్టరాదు.

దగ్గును గూర్చి రెండు మాటలు చెప్పి విరమింతును. మూడునాలుగు దినములనుండి బాతుకూతవలె పొడిదగ్గు దగ్గుచు, తిండి తినుచు, ఆడుకొనుచున్న కుక్కకు తొందరలేదు, మరునాడు చూపవచ్చును. పొమేరియనులలో గాలిగొట్టమే మెత్తబడి అణగుట కద్దు; దానికి మెడపట్టీ తీసివేసి రొమ్ముపట్టీ వేయుడు, సగము దగ్గు తగ్గును. ముసలికుక్క రాత్రివేళ దగ్గుచు, నిద్రలో లెక్క 30 దాటుచున్నచో గుండెను చూపవలెను. ముక్కు, కంటినుండి చీము కారుచు జ్వరముతో దగ్గు కుక్కపిల్లకు డిస్టెంపరు అనుమానింపవలెను. దానికి టీకా తప్ప వేరు దారి లేదు.

రాత్రి ఎవరిని పిలువవలెను అను ప్రశ్న మిగిలినది. సంచార పశువైద్య వాహనములకు ఫోను నంబరు 1962. అవి ముఖ్యముగా పాడిపశువులకొరకు ఏర్పడినవి. అయినను సలహాకు పిలువవచ్చును. ఏలూరునుండి జాతీయరహదారిమీద సుమారు 40 కిలోమీటర్ల దూరములో గన్నవరమున ఎన్టీయార్ పశువైద్య కళాశాల కలదు. మీ ఊరి వైద్యుని వద్ద ప్రాణవాయువు సిలిండరు ఉన్నదో లేదో, రాత్రి తలుపు తీయునో లేదో, జబ్బు రాకముందే అడిగి తెలిసికొనుడు. ఈ మాట అడిగినందుకు ఏ మంచి వైద్యుడును నొచ్చుకొనడు. బయలుదేరునప్పుడు ముందుగా ఫోను చేసి, ఏ వేళ మొదలయినది, ఏమి తిన్నది, ఏ మందు పడినది, చిగుళ్ళ రంగేమి, నిమిషమునకు ఊపిరి ఎన్ని అను అయిదు సంగతులు చెప్పుడు. మీరు చేరులోపల అతడు సూది సిద్ధము చేసి ఉంచును. టీకాల చీటీ మరువకుడు. దానిని ఇంటిలో రేషనుకార్డు పెట్టు సంచిలోనే పెట్టుకొనినచో అర్ధరాత్రి వెదకు పని ఉండదు.